టాబర్ తూటా

"లాగు" అంది ఫెర్న్.

ఓర్విల్ టాబర్ పిడి పట్టుకుని కిందికి లాగాడు. వంటింటి బల్ల అంచుకి బిగించిన, తూటాలు నొక్కే ప్రెస్సు కిర్రుమంది.

"అబ్బ, మెల్లిగా! మొండిదూడని కొట్టంలోకి ఈడుస్తున్నట్టు ఏమిటా లాగుడు? గుండు ఒరుసుకుంటూ దిగాలి."

ఈసారి మెల్లిగా లాగాడు. ఇత్తడి డొల్ల మెడలో గుండు ఒదిగి కూర్చుంది. ఫెర్న్ ఆ తూటాని తీసి, కిటికీ వెలుతురులో ఒక చుట్టు తిప్పి చూసి, ఏ వంకా లేదని నమ్మకం కుదిరాక కొయ్యదిమ్మకి తొలిచిన గుంటలో నిలబెట్టింది. ఇంకో డొల్ల అందుకుని త్రాసు ముందుకి వంగింది. చిన్న చెంచాతో పళ్ళెంలోకి తుపాకిమందు రాల్చింది. చాల్లేదనిపించి, చెంచా కాడని వేలితో తట్టి మరో రెండు పలుకులు రాల్చింది. త్రాసు కాడ లేచి, ఊగి, గీత దగ్గర నిలిచింది. అది నిలిచేదాకా ఆమె ఊపిరి బిగబట్టుకునే ఉంది. గాలి తగిలితే తూకం కదులుతుందని ఎప్పటినుంచో ఆమెకి అలవాటు. ఈమధ్య ఆ ఊపిరి వదిలినప్పుడు సన్నగా ఈల లాంటి చప్పుడు వస్తోంది. ఓర్విల్‌కి అది వినపడింది. తన ఎడమచెవి సరిగా పనిచెయ్యదు కాబట్టి పొరబడ్డానేమో అనుకున్నాడు. అలా అనుకుంటే మనసుకి హాయిగా ఉంది.

అదే బల్లకి రెండో చివర ఆపిల్ కేకు చల్లారుతోంది. తుపాకిమందు వాసన, దాల్చినచెక్క వాసన కలిసి ఆ వంటింటికి ఒక వాసన ఉండేది. ఆ లోయలో ఇంకే ఇంటికీ అది లేదు.

ఓర్విల్ కౌంటీ వాళ్ళ రోడ్డు చదునుచేసే బండి తోలేవాడు. వేసవంతా మట్టిరోడ్లు చదును చెయ్యడం, వాన పడగానే అవి మళ్ళీ గతుకులు కావడం, మళ్ళీ చదును చెయ్యడం, చలికాలం వస్తే అదే బండితో మంచు గెంటడం. అమెరికాలో, ఐడహోలో ఆ మూల అతను పుట్టి పెరిగి చేసింది అంతే. రోడ్డు బాగుంటే అతను ఎవరికీ గుర్తురాడు. బాగులేకపోతే అందరికీ గుర్తొస్తాడు. వెడల్పాటి వీపు, ఎండకి నెర్రెలు బారిన మెడ, చక్రం పట్టీపట్టీ పూర్తిగా చాచలేని వేళ్ళు. పిల్లల్లేరు. చర్చిలో చివరి బల్ల. ఇలాంటివాడి పేరు ఎక్కడైనా చెక్కుతారంటే అది సమాధిరాయి మీదే.

కానీ ఓర్విల్ పేరు రైఫిలు గొట్టం మీద చెక్కి ఉంది.

ఏ ఫ్యాక్టరీ చెయ్యని, ఏ కొట్లోనూ దొరకని తూటాని ఆ దేశంలో అడవిపిల్లి అంటారు. పాత సైన్యం తూటా డొల్ల తీసుకుని, మెడ నొక్కి సన్నం చేసి, మెడ కింది భుజం పెంచి, అందులో ఏ మందు ఎంత పట్టాలో, ఏ గుండు కుదురుతుందో ఎవరికి వాళ్ళే తేల్చుకోవాలి. అది ఏళ్ళ పని. మందు తగ్గితే గుండు దారి తప్పుతుంది. పెరిగితే తుపాకి వెనక్కి తన్ని, కన్నో చెంపో పట్టుకుపోతుంది. ఇంత చాకిరీ చేసినవాడికి దక్కేది ఒక్కటే, ఆ తూటాకి తన పేరు పెట్టుకోవడం. నెల్స్ హోవ్డే అనే ముసలి తుపాకి మేస్త్రీ గొట్టం తొలిచి, దాని మీద గొట్టం కొలతా, పేరూ కలిపి 'ఇరవై అయిదు టాబర్' అని అచ్చు కొట్టి ఇచ్చిన రోజున ఓర్విల్ ఆ రైఫిల్ని మంచం పక్కనే పెట్టుకుని పడుకున్నాడు. ఫెర్న్ ఇప్పటికీ దానికి ఏడిపిస్తుంది.

నిజం చెప్పుకోవాలంటే ఆ తూటాలో ఓర్విల్‌ది కోరిక ఒక్కటే. తక్కినదంతా ఫెర్న్‌ది. పెళ్ళికి ముందు ఆమె పాలకేంద్రంలో వెన్నశాతం తూచే పని చేసింది. మొదటి చలికాలం ఓర్విల్ తన మొద్దువేళ్ళతో మందు తూస్తూ బల్లంతా ఒలకబోస్తుంటే చూడలేక, "లే అవతలికి, నువ్వు కాల్చు, నేను తూస్తా" అని కుర్చీ లాక్కుంది. అంతే, మళ్ళీ లేవలేదు. ఏ డొల్ల ఎన్నిసార్లకి అలిసిపోతుందో, ఏ మెడని దీపం మంటమీద ఎంతసేపు కాచి మెత్తబరచాలో, ఎంత మందుకి గుండ్లన్నీ ఒకచోటే పడతాయో అన్నీ ఆమె కనిపెట్టింది. కాల్చిన డొల్లల అడుగులు గోటితో తడిమి, "ఇది కష్టపడింది, రేపు మందు తగ్గిద్దాం" అనేది. ఏదీ రాసిపెట్టేది కాదు. రాస్తే ఎవడో చదివి ఇంకో తుపాకిలో పోస్తాడని భయం. ఆ భయంతోనే, పని కాగానే త్రాసు కాడ మీద, తూకం ఎంతో చూపే బిళ్ళని సున్నా గాటుకి జరిపేసి, పిండిసంచీ గుడ్డ కప్పేది. ఎన్నేళ్ళుగానో ఒక్కనాడూ మరిచిపోలేదు.

ఓర్విల్ చేసేది పిడి లాగడం. అదీ ఆమె భుజం పట్టేసినప్పటినుంచే.

"పేరు టాబర్ అనే పెట్టుకో, నాకేం" అంది అప్పట్లో నవ్వుతూ. "నేనూ టాబర్నేగా."

ఓర్విల్ ఆ మాట పట్టుకున్నాడు. ఆ నవ్వు వెనక ఏముందో తరచి చూడలేదు.

తరవాత ఒకసారి రైతుల హాల్లో విందు జరిగింది. ఎవరో టాబర్ తూటా గురించి అడిగితే ఫెర్న్ చెప్పబోయింది. "మెడ మరీ గట్టిగా ఉంటే..." అని మొదలెట్టిందో లేదో, బల్ల చుట్టూ మగవాళ్ళంతా ఆమె వైపు తిరిగారు. ఓర్విల్‌కి చెవులు వేడెక్కిపోయాయి. "మా ఫెర్న్ బల్ల శుభ్రంగా ఉంచుతుందిలే, అదే పెద్ద సాయం" అన్నాడు. అందరూ నవ్వారు. ఫెర్న్ కూడా నవ్వి, కాఫీ తేవడానికి లేచింది. ఆ తరవాత మగవాళ్ళు తూటాల మాట ఎత్తినచోట ఆమె నోరు విప్పలేదు. తుపాకులు కాల్చే రేంజికి వచ్చినా పికప్పు బండిలోనే అల్లిక పట్టుకుని కూర్చునేది. ఆ రాత్రి ఇంటికొచ్చాక ఒక్క మాటైనా అనుంటే, తిట్టుంటే, ఓర్విల్‌కి అది అంతటితో పోయేది. ఆమె ఏమీ అనలేదు. అందుకని అది అతనిలోనే ఉండిపోయింది, పంటి సందులో ఇరుక్కున్న పీచులా.

"గేలెన్ ప్రూయిట్ వస్తాడంటగా ఇవాళ?" అంది ఫెర్న్, తూటా గుడ్డతో తుడుస్తూ.

"నెల్స్ చెప్పాడు. మనలాంటి రైఫిలే చేయించుకున్నాడట. గొట్టం మీద నా పేరే కొట్టించుకున్నాడట." ఆ చివరి మాట దగ్గర ఓర్విల్ గొంతు కొంచెం ఎగిసింది.

"అయితే మందెంత అని అడుగుతాడు."

"అడగనీ."

ఫెర్న్ గుడ్డ కింద పెట్టింది. "చూడూ, ఇది నవ్వులాట కాదు. పాత సైన్యం మందు అయిపోయింది. ఇప్పుడు కొట్లో దొరికే డబ్బా మీద పేరు అదే గానీ ఇది చురుకైంది. నేను బాగా తగ్గించాను. పైగా అతని గొట్టం వేరు, మనది వేరు. ఇంకా కిందనుంచి మొదలెట్టి, ఒక్కో గాటే పెంచుకుంటూ రావాలి. అతను అడిగితే నువ్వేం చెప్పకు. నన్ను పిలు. చెయ్యి ఊపు చాలు, వస్తా. నేను చెప్తా."

ఓర్విల్ ప్రెస్సు పిడి వైపు చూస్తున్నాడు.

"వింటున్నావా?"

"పిలుస్తాలే."

"పిలుస్తావా?"

"పిలుస్తానన్నానుగా!"

ఆమె అతని మొహంలోకి ఒక్క క్షణం చూసి, చివరి డొల్ల కోసం మందు తూచింది. కాడ గీత దగ్గర నిలిచింది. ఊపిరి వదలబోయి దగ్గు రాగా బల్ల పట్టుకుంది. పెదాలు కాస్త నీలంగా కనిపించాయి.

"చాలు, ఉన్నవి చాలు" అంది. "నువ్వు పోయి బండి తియ్యి. నేను కేకు సర్దుకుని వస్తా."

"డాక్టరు దగ్గరికి పోదామా?"

"కేకు పట్టుకునా? పో, పోయి బండి తియ్యి."

అతను కొయ్యదిమ్మ చంకలో పెట్టుకుని వెళ్ళాడు. ఆమె రావడానికి కొంచెం ఆలస్యమైంది. నీలం రుమాలు తలకి కట్టుకుని, వాకిలి మెట్లు దిగడానికి గోడ పట్టుకుంది. ఓర్విల్ చూస్తూనే ఉన్నాడు. దిగి వెళ్ళి చెయ్యందించాలని తోచేలోపు ఆమె వచ్చి పక్కన కూర్చుంది.

సెప్టెంబరు ఎండ. రోడ్డుకి రెండు పక్కలా సేజ్ పొదలు దుమ్ముపట్టి ఉన్నాయి. కొండల మీద ఆస్పెన్ చెట్ల ఆకులు పసుపెక్కుతున్నాయి. ఇంకొన్ని రోజుల్లో ఎల్క్ దుప్పుల వేట మొదలవుతుంది. అందుకే తుపాకి క్లబ్బు వాళ్ళు అందరూ రైఫిళ్ళు సరిచూసుకోవడానికి కంకరగుంట దగ్గర చేరుతున్నారు. పికప్పు ఎక్కడా కుదుపు లేకుండా పోతోంది.

"బాగా చేశావు ఈ రోడ్డు" అంది ఫెర్న్, కిటికీలోంచి చూస్తూ. "అల్లికలో ఒక్క కన్ను కూడా జారలేదు."

ఓర్విల్ పనిని పనిగా చూసి బాగుందని అన్న మనిషి ఆమె ఒక్కతే. ఆమె పనిని గురించి తాను నలుగురిలో ఏమన్నాడో గుర్తొచ్చింది. గేరు మార్చాడు, మార్చాల్సిన అవసరం లేకపోయినా.

కంకరగుంట దగ్గర అప్పటికే బండ్లు నిలిచి ఉన్నాయి. ఆడవాళ్ళు మడతబల్లల మీద కోడివేపుడు, బంగాళాదుంప సలాడు పరుస్తున్నారు. ఓర్విల్ పికప్పుని గుంట అంచున, అందరికీ కాస్త ఎడంగా ఆపాడు. ఫెర్న్ కిటికీ సగం దించుకుని అల్లిక తీసింది.

"చెయ్యి ఊపు" అంది మళ్ళీ.

నెల్స్ హోవ్డే చేతికర్ర ఊపుకుంటూ ఎదురొచ్చాడు. "ఏమోయ్ ఓర్విల్! నీ రోడ్డు మీద వస్తుంటే నా పళ్ళసెట్టు ఊడి ఒళ్ళో పడిందోయ్."

"నువ్వు వాగుతూ వచ్చుంటావు. దానికి నా రోడ్డేం చేస్తుంది?"

"సరేలే, రోడ్డు వంకరైనా నీ గుండు తిన్నగా పోతుంది, అది ఒప్పుకుంటా. రా, అందరూ నీ కోసమే చూస్తున్నారు."

ఓర్విల్ బల్ల ముందు కూర్చున్నాడు. ఇసుకసంచీ మీద రైఫిలు ఆనించాడు. దూరాన తెల్ల కాగితం గోరంత కనిపిస్తోంది. ఈ ఒక్క పని అతనికి వచ్చు, అబద్ధం చెప్పకూడదు. చెంప కొయ్యకి ఆనగానే అతని ఒళ్ళు నిశ్చలమైపోతుంది. మొదటి తూటా పేలింది. కాలిన డొల్ల బయటికి తియ్యడానికి బోల్టు లాగితే వెన్నలో కత్తిలా వచ్చింది. ఫెర్న్ చేసిన తూటాలు ఎప్పుడూ అంతే. దిమ్మలోంచి ఒక్కొక్కటీ తీసి కాల్చాడు. గాలి ఆగిన సందు చూసుకుని చివరిది వదిలాడు.

కాగితం తెచ్చి చూస్తే బొక్కలన్నీ ఒకదానిలోకి ఒకటి కలిసిపోయి ఉన్నాయి. చొక్కా గుండీతో కప్పేయొచ్చు. నెల్స్ జేబులోంచి గుండీ తీసి నిజంగానే కప్పి చూపించాడు. చుట్టూ చేరినవాళ్ళు ఈలలు వేశారు, వీపు మీద చరిచారు. ఓర్విల్ నేల చూసి నవ్వాడు. లోయంతా రోడ్లు చదును చేసినా ఇన్ని చేతులు అతని వీపు మీద ఎప్పుడూ పడలేదు. ఆ చేతుల కోసమే కదా ఇదంతా.

"పెద్దాయనా!" అంటూ ఒకడు గుంపుని తోసుకుని వచ్చాడు. ఎర్రటి మొహం, పొట్ట మీద బిగిసిన చొక్కా. కనుమ అవతల పాలబండి తోలే గేలెన్ ప్రూయిట్. పసిబిడ్డని చూపించినట్టు రెండు చేతుల మీద రైఫిలు పట్టుకున్నాడు. గొట్టం మీద కొత్త అచ్చు మెరుస్తోంది. "చూడు, ఇరవై అయిదు టాబర్. లోకంలో రెండోది! మా ఆవిడైతే ఆ టాబర్ ఎవరో ఆయన్నే కట్టుకోవాల్సింది అంటోంది."

అందరూ నవ్వారు.

"డొల్లలు సిద్ధం చేసుకున్నా. మందు డబ్బా కొన్నా, మీ ఊరి కొట్లోనే, నువ్వు వాడేదే. ఇంక నువ్వొక్క మాట చెప్పాలి" గేలెన్ గొంతు తగ్గించాడు. "ఎంత పోస్తున్నావ్?"

ఓర్విల్ పికప్పు వైపు చూశాడు. సగం దించిన కిటికీలో నీలం రుమాలు కనిపించింది. చెయ్యి ఊపితే చాలు. చెయ్యి లేచింది. అందరూ చూస్తున్నారు. ఇప్పుడు ఒక ఆడమనిషి అల్లిక చేత్తో పట్టుకుని, గోడలు పట్టుకు నడిచే మనిషి, ఈ గుంపులోకి వచ్చి, అది చెప్పడం మొదలుపెడితే వీళ్ళు మొదట ఆమె వైపు చూస్తారు, ఆ తరవాత తన వైపు చూస్తారు. ఆ రెండో చూపు ఎలా ఉంటుందో ఓర్విల్‌కి తెలుసు. పైకి లేచిన చెయ్యి టోపీ అంచు సర్దుకుని కిందికి దిగిపోయింది.

ఒక అంకె చెప్పాడు.

ఆ అంకె ఏమిటో ఇక్కడ చెప్పను. చెబితే ఫెర్న్‌కి నచ్చేది కాదు.

గేలెన్ ఆ అంకెని పెదాల మీదే రెండుసార్లు వల్లించుకున్నాడు. "ఇంకేం! కిందనుంచి మొదలెట్టాలా?"

"ఆఁ... మొదలెడితే మంచిదే."

"ఎందుకులే, టాబరే స్వయంగా చెప్పాక! ఇంటికి పోగానే నింపేస్తా. రేపు పొద్దున్నే కాలుస్తా." చెయ్యి పట్టుకుని గట్టిగా ఊపి వెళ్ళాడు.

మాట నోట్లోంచి జారుతుండగానే ఓర్విల్‌కి తెలిసిపోయింది. అది పాత మందు తూకం. సైన్యం మందుది. కొత్త డబ్బాది ఎంతో అతనికి తెలియదు. పొద్దున్న ఆమె "బాగా తగ్గించాను" అన్నప్పుడు ఎంతకి అని కూడా అడగలేదు. ఆ అంకె చురుకుమందుతో ఆ డొల్లలో పడితే ఏమవుతుందో మాత్రం తెలుసు. అవతలి లోయలో ఒకడి చెంప ఎముక అలాగే పోయింది. గేలెన్ చెంప కోడివేపుడు నములుతూ అటూ ఇటూ కదులుతోంది.

వెళ్ళి చెప్పేస్తే అయిపోయేది. 'తప్పు చెప్పాను' అనాలి. 'మరి సరైనది చెప్పు' అంటాడు. 'తెలియదు' అనాలి. ఓర్విల్ ఆ మాటని నోట్లో పెట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. ఎవరో చేతిలో కాఫీకప్పు పెట్టారు. ఇంకెవరో గుండీకథ మళ్ళీ చెప్పించుకున్నారు. చెప్పాడు. ఛీ, ఆ స్థితిలో కూడా చెప్పాడు.

చివరికి ఒక ఉపాయం తోచింది. ఒక ముక్క కేకు పళ్ళెంలో పెట్టుకుని పికప్పు దగ్గరికి పోయి ఫెర్న్‌ని గుట్టుగా అడగాలి. అంకె తెలుసుకుని వచ్చి, గేలెన్ భుజం తట్టి, 'ఇదిగో, అది పాత మందుదోయ్, ముసలితనం, మరిచిపోయా' అంటే సరిపోతుంది. నవ్వేస్తారు. ఎవరికీ ఏమీ కాదు. ఫెర్న్ ఒక్క చూపు చూస్తుంది. ఆ చూపు అలవాటే.

"ఫెర్న్" అన్నాడు తలుపు తీస్తూ. "ఆ కొత్త డబ్బాకి ఎంతకి తగ్గించావు?"

ఆమె తల కిటికీ అద్దానికి ఆనించి ఉంది. కళ్ళజోడు ముక్కు కొసకి జారింది. అల్లిక ఒళ్ళో ఉంది, సూది వరస మధ్యలో ఆగింది. కునుకు తీస్తోందనుకున్నాడు. మెల్లిగా భుజం తట్టాడు. చెయ్యి ఒళ్ళోంచి జారి సీటు మీద పడింది. ఆ చెయ్యి పట్టుకున్నాడు. మందు వాసన వేస్తోంది. ఈల చప్పుడు కోసం కుడిచెవి ఆమె నోటి దగ్గర పెట్టాడు. చాలాసేపు అలాగే పెట్టుకున్నాడు.

ఆ క్షణంలో అతనికి మొదట ఏం తోచిందో, అది ఆ తరవాత బతికినన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. ఇంక ఎవరికీ తెలియదు, అనుకున్నాడు. ఆ తూటా ఎవరిదో ఇంక ఎప్పటికీ ఎవరికీ తెలియదు. మనసు అంత పని చేసింది. చేసిన మరుక్షణం అతనికి తన మొహం మీద తానే ఉమ్మేసుకోవాలనిపించింది. ఆమె కళ్ళజోడు సరిచేశాడు. ఈ కిటికీలోంచి గుంపు కనిపిస్తుంది. తన చెయ్యి పైకి లేవడం, టోపీ సర్దుకుని దిగిపోవడం ఆమె చూసిందో, అంతకుముందే వెళ్ళిపోయిందో. ముందే పోయి ఉంటే బాగుండునని, భార్య చావు గురించి, కోరుకున్నాడు.

అవతల బండి స్టార్టయిన చప్పుడైంది. గేలెన్ పాలబండివాడు, తెల్లారుజామున లేవాలి, ముందే బయల్దేరాడు.

ఫెర్న్ చేతిని ఒళ్ళో పెట్టి ఓర్విల్ పరుగెత్తాడు. ఆ వయసులో, ఆ వీపుతో పరుగెత్తడం చూసి ఒకరిద్దరు నవ్వారు కూడా. కంకరలో కాలు జారి మోకాలి మీద పడి, లేచి, రోడ్డు మీదికి తిరుగుతున్న బండికి అడ్డంగా నిలబడి రెండు చేతులతో బానెట్ మీద బాదాడు.

గేలెన్ బ్రేకు తొక్కి తల బయటికి పెట్టాడు. "పెద్దాయనా! పిచ్చెక్కిందా ఏంటి? నలిగిపోయేవాడివి!"

"పొయ్యొద్దు. ఆ మందు పొయ్యొద్దు. నేను చెప్పింది తప్పు. పేలుతుంది."

"ఏది తప్పు?"

"ఆ అంకె. అది పాతది. కొత్తది... కొత్తది నాకు తెలీదు."

అందరూ చుట్టూ మూగారు. గేలెన్ బండి దిగాడు. "నీకు తెలీకపోవడమేంటి? ఇందాక కాల్చింది కొత్త మందేగా?"

"తెలీదు. నేనెప్పుడూ తూచలేదు. ఫెర్న్ తూస్తుంది. డొల్లలు చేసేది ఫెర్న్. మెడలు కాచేది ఫెర్న్. అన్నీ, మొదటినుంచీ అన్నీ. నేను పిడి లాగుతా. అంతే. తక్కినదంతా నేను నోటితో చేసింది." ఓర్విల్ చేతులు ఇంకా బానెట్ మీదే ఉన్నాయి. "బల్ల శుభ్రం చేస్తుందన్నాను. గుర్తుందా మీకు? మీరంతా నవ్వారు. నేనే నవ్వించాను."

ఎవరూ ఎవరి వైపూ చూడలేదు. నెల్స్ హోవ్డే కర్ర కొసతో కంకర గీకుతున్నాడు. గేలెన్‌కి ఏం చెయ్యాలో తోచక, మంచి మనిషి కాబట్టి, నవ్వడానికి చూశాడు.

"దానికింత గోలెందుకయ్యా? ఆవిడ అక్కడే ఉందిగా బండిలో. పిలు, అడుగుదాం."

ఓర్విల్ పికప్పు వైపు తిరిగి చెయ్యెత్తాడు. ఆ చెయ్యి ఈసారి టోపీ దగ్గర ఆగలేదు. పైకి లేచి, గాలిలో ఊగింది, మళ్ళీ ఊగింది. కిటికీలో నీలం రుమాలు కదల్లేదు. అప్పటికి నెల్స్‌కి అర్థమైంది. కర్ర చంకలో పెట్టుకుని మెల్లిగా టోపీ తీశాడు. అతన్ని చూసి తక్కినవాళ్ళు ఒక్కొక్కరే తీశారు. ఓర్విల్ చెయ్యి ఇంకా ఊపుతూనే ఉంటే గేలెన్ వచ్చి ఆ చెయ్యి పట్టుకుని దించాడు.

సాయంత్రానికి డాక్టరు వచ్చి చూసి వెళ్ళాడు. గుండె అన్నాడు. ఆడవాళ్ళు ఫెర్న్‌ని తీసుకెళ్ళే ఏర్పాట్లు చూశారు. నెల్స్ ఓర్విల్‌ని ఇంటి దగ్గర దింపాడు, వెళ్ళకుండా వెనకే లోపలికి వచ్చాడు. దారిలో ఒక్క మాటే అన్నాడు. "నేను గొట్టం మీద అచ్చు కొట్టేనాడు ఎవరి పేరని అడగాల్సింది. అడగలేదు." ఎవరైనా తిడితే బాగుండునని ఉంది ఓర్విల్‌కి. తిట్టే మనుషుల్ని ఆ లోయ ఆ రోజు దాచేసినట్టుంది.

వంటింట్లో పొద్దున వదిలినవి వదిలినట్టే ఉన్నాయి. కేకు పళ్ళెం పెట్టినచోట తడి గుండ్రం. ప్రెస్సు పిడి అతను దించినచోటే ఉంది. చివరి డొల్ల ఒక్కటీ మూతి తెరుచుకుని నిలబడి ఉంది. దాని పక్కన త్రాసు. గుడ్డ కప్పి లేదు. బిళ్ళ సున్నాకి జరిపి లేదు. పళ్ళెంలో ఆమె తూచిన మందు అలాగే ఉంది.

"ఓర్విల్" అన్నాడు నెల్స్, కళ్ళజోడు తీసి పెట్టుకుంటూ. "అంకె ఇక్కడే ఉందోయ్."

"ముట్టుకోకు."

ఆమె అలిసిపోయి మరిచిందా, తాను పిలవడని తెలిసి వదిలిందా? ఆలస్యంగా వచ్చింది కదా పొద్దున. ఇది తెలుసుకోవడానికి కూడా ఆమెనే అడగాలి.

"గేలెన్‌ని రమ్మను" అన్నాడు ఓర్విల్. "తన కళ్ళతోనే చూసుకోమను. ఇది మా గొట్టానిది, అతనిది కాదు. ఇంతకన్నా బాగా కింద మొదలెట్టి, ఒక్కో గాటే పెంచుకు రమ్మను. ఇలా చెప్పింది ఫెర్న్ అని చెప్పు. ఆ మాట మరిచిపోకు."

నెల్స్ తల ఊపి వెళ్ళాడు. వాకిలి తలుపు తెరిచి మూసేసరికి బయటి గాలి లోపలికొచ్చింది. త్రాసు కాడ కదిలింది. ఓర్విల్ బల్ల ముందు, ఆమె కుర్చీ పక్కన, తాను ఎప్పుడూ నిలబడేచోటే నిలబడి ఊపిరి బిగబట్టాడు. పళ్ళెం లేచింది, దిగింది, మళ్ళీ కొంచెం లేచింది. ఫెర్న్ పెట్టిన గాటులోనే బిళ్ళ కూర్చుని ఉంది, కాడ సన్నగా ఊగి ఊగి గీత దగ్గరికి వచ్చి ఆగింది.